ఎలుక రక్తనాళం చెప్పేది మనిషికి ఎంతవరకు వర్తిస్తుంది?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. నా వయసు 58. పదకొండేళ్ళ నుంచి షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ గోలీలు వాడుతున్నాను. ఈ మధ్య పొలానికి నడుస్తుంటే ఎడమ పిక్క పట్టేసినట్టయి ఆగవలసి వస్తోంది. దవాఖానలో చూపించుకుంటే షుగర్ వల్ల రక్తనాళాలు దెబ్బతింటున్నాయని డాక్టరు గారు చెప్పారు. మా బిడ్డ ఎం.ఫార్మసీ చదువుతోంది. ఎలుకలకు షుగర్ తెప్పించి, వాటి రక్తనాళాలు ఎట్లా పని చేస్తున్నాయో తమ కాలేజీలో పరీక్షిస్తున్నామని చెబుతుంది. మా ఊళ్ళో ఒకాయన పొడపత్రి, నేరేడు గింజలు, తిప్పతీగ కలిపిన పొడి అమ్ముతున్నాడు. అది ఎలుకల మీద రుజువైందట, దానితో గోలీలు మానేయవచ్చట. ఎలుకకు జరిగేది నాకూ జరుగుతుందా? చెడిన రక్తనాళం మళ్ళీ బాగవుతుందా? ఆ పొడి వాడవచ్చా?
— ఒక రైతు, నల్లగొండ జిల్లా

సమాధానం: ముందుగా ఒక మాట చెప్పి తరువాత వివరాల్లోకి వెళ్తాను. ఎవరు ఎంత ధీమాగా చెప్పినా, మీ డాక్టరు గారితో మాట్లాడకుండా గోలీలు మానవద్దు. ఇక మీ ప్రశ్నల సంగతి. మధుమేహంలో రక్తనాళం ఎక్కడ చెడడం మొదలవుతుందో, ఎప్పుడు మొదలవుతుందో, ఏ క్రమంలో ముదురుతుందో జంతువుల మీద జరిగిన పరిశోధన చాలా నమ్మకంగా చెప్పగలిగింది. ఏ మందు ఆ చెడును మనిషిలో బాగుచేస్తుందన్న విషయంలో మాత్రం అదే పరిశోధన పలుమార్లు ఆశపెట్టి, తరువాత నిలబడలేకపోయింది. మీ బిడ్డ చేస్తున్న పని మొదటి కోవకు చెందింది, మీ ఊళ్ళో పొడి అమ్ముతున్న ఆయన మాట రెండవ కోవకు చెందింది. ఈ రెండింటినీ విడదీసి చూస్తే మీ మూడు ప్రశ్నలకూ జవాబు దొరుకుతుంది.

రక్తనాళం చెడడమంటే బోరు పైపులో ఉప్పు పేరుకున్నట్టు చక్కెర పేరుకుపోయి దారి మూసుకుపోవడమని మనలో చాలామంది అనుకుంటారు. అది సరైన ఊహ కాదు. రక్తనాళం ప్రాణమున్న కణజాలం. దాని లోపలి గోడను ఆసాంతం ఒకే ఒక్క వరుస కణాలు కప్పి ఉంటాయి. ఆ పొరను వైద్యులు ఎండోథీలియం అంటారు. రక్తం ఎంత వేగంగా పారుతోందో ఆ కణాలు గ్రహించి, నాళం ఎప్పుడు వెడల్పు కావాలో, ఎప్పుడు ఇరుకు కావాలో చుట్టూ ఉన్న కండరానికి రసాయన సంకేతాలతో తెలియజేస్తాయి. రక్తం అనవసరంగా గడ్డకట్టకుండా, తెల్లకణాలు గోడకు అంటుకోకుండా చూసేది కూడా ఆ పొరే. మీరు పొలం గట్టున వేగంగా నడిచినప్పుడు పిక్క కండరానికి ఎక్కువ రక్తం కావాలి, అందుకు కాలి ధమనులు విప్పారాలి. ఆ విప్పారే శక్తి తగ్గడమే మధుమేహంలో రక్తనాళానికి తగిలే తొలి దెబ్బ. నాళం మూసుకుపోవడానికి ఎంతో ముందే ఇది మొదలవుతుంది.

ఈ పొరకు ఇంత పని ఉందన్న సంగతి తెలిసింది కూడా ఒక జంతువు ద్వారానే. అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు బృహద్ధమని (గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం) ముక్కల మీద పని చేస్తూ, ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం ఆ ముక్కను వదులు చేయాలంటే లోపలి పొర చెక్కుచెదరకుండా ఉండాలని, ఆ పొరను రుద్ది తీసేస్తే నాళం వదులు కాదని 1980లో ప్రకటించారు. ఆ పొర నుంచి వెలువడి కండరాన్ని వదులు చేసే పదార్థం నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువని ఆ తరువాతి ఏళ్ళలో తేలింది. ఫర్చ్‌గాట్, లూయిస్ ఇగ్నారో, ఫెరిడ్ మురాద్ ముగ్గురికీ 1998లో నోబెల్ బహుమతి దీనికే వచ్చింది. మధుమేహంలో రక్తనాళాల గురించి నేడు మనకు తెలిసినదానిలో పెద్ద భాగం ఈ ఆవిష్కరణ మీద ఆధారపడి ఉంది.

ఇప్పుడు మీ బిడ్డ ప్రయోగశాలలో ఏం జరుగుతుందో చెబుతాను. మీ రెండవ, మూడవ ప్రశ్నల జవాబులు అందులోనే ఉన్నాయి కాబట్టి కొంచెం వివరంగానే చెప్పాలి. ఎలుకకు మధుమేహం తెప్పించడానికి ఎక్కువగా వాడే రసాయనం స్ట్రెప్టోజోటోసిన్. నేలలో ఉండే ఒక సూక్ష్మజీవి నుంచి యాంటీబయాటిక్‌గా దీనిని మొదట వేరుచేశారు. ఇది కుక్కలకు, ఎలుకలకు మధుమేహం కలిగిస్తుందని 1963లో వెల్లడైంది. క్లోమగ్రంథిలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్లోకి గ్లూకోజు వెళ్ళే ద్వారం గుండానే ఇది కూడా దూరి ఆ కణాలను చంపుతుంది. ఎలుక శరీర బరువులో కిలోకు సుమారు 50 నుంచి 65 మి.గ్రా. చొప్పున ఒక్క సూది వేస్తే చాలు. చనిపోతున్న కణాల నుంచి ఇన్సులిన్ ఒక్కసారిగా బయటపడి షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది గనుక మొదటి రోజు ఎలుకలకు గ్లూకోజు నీళ్ళు పెడతారు. రెండు మూడు రోజులకు షుగర్ బాగా పెరుగుతుంది. డెసిలీటరుకు 250 మి.గ్రా. దాటిన ఎలుకలనే సాధారణంగా ప్రయోగానికి తీసుకుంటారు. అవి విపరీతంగా నీళ్ళు తాగుతాయి, మూత్రం పోస్తాయి, బరువు తగ్గుతాయి. ఇలాంటి ప్రయోగాలకు కాలేజీలో జంతు నైతిక సంఘం అనుమతి తప్పనిసరి. మూగజీవిని ఇంత కష్టపెట్టి సంపాదించిన జ్ఞానాన్ని పొడి అమ్మకానికి ప్రచారంగా వాడుకోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

కొన్ని వారాల తరువాత ఆ ఎలుక బృహద్ధమనిని తీసి, రెండు మూడు మిల్లీమీటర్ల ఉంగరాలుగా కోసి, ఆర్గాన్ బాత్ అనే గాజు పాత్రలో రక్తం లాంటి లవణ ద్రావణంలో, 37 డిగ్రీల వెచ్చదనంలో, ఆక్సిజన్ అందిస్తూ వేలాడదీస్తారు. శరీరం బయట కూడా ఆ ఉంగరం గంటల తరబడి సజీవంగా ఉండి, బిగుసుకోగలదు, వదులు కాగలదు. మొదట ఫినైల్‌ఎఫ్రిన్ వేసి ఉంగరాన్ని బిగించి, తరువాత ఎసిటైల్‌కోలిన్‌ను కొద్దికొద్దిగా పెంచుతూ వేస్తారు. ఆరోగ్యంగా ఉన్న ఎలుక నాళం చక్కగా వదులవుతుంది. మధుమేహం ముదిరిన ఎలుక నాళం అంతగా వదులు కాదు. అయితే అదే ఉంగరానికి నేరుగా నైట్రిక్ ఆక్సైడ్‌ను ఇచ్చే సోడియం నైట్రోప్రస్సైడ్ వేస్తే చాలా ప్రయోగాల్లో అది దాదాపు మామూలుగానే వదులవుతుంది. దీని అర్థం ఏమిటంటే, కండరానికి వదులయ్యే సామర్థ్యం ఇంకా ఉంది, దానికి సంకేతం పంపవలసిన లోపలి పొర మాత్రం పని చేయడం లేదు. ఈ రెండవ పరీక్ష లేకపోతే మొదటి పరీక్షకు విలువ సగం తగ్గిపోతుంది. మీ బిడ్డ తన ప్రయోగంలో దీన్ని చేర్చిందో లేదో అడిగి చూడండి, ఆమెకూ సంతోషంగా ఉంటుంది.

లోపలి పొర ఎందుకు పని చేయడం లేదన్నదానికి కూడా ఈ జంతువులే సమాధానం ఇచ్చాయి. చక్కెర అతిగా చేరిన కణంలో సూపర్‌ఆక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ రూపం ఎక్కువగా తయారవుతుంది. అది నైట్రిక్ ఆక్సైడ్‌తో క్షణంలో కలిసిపోయి, దానిని పెరాక్సీనైట్రైట్ అనే హానికర పదార్థంగా మారుస్తుంది. అంటే సంకేతం బయలుదేరుతుంది గాని కండరాన్ని చేరేలోపే నాశనమవుతుంది. పెరాక్సీనైట్రైట్ అంతటితో ఆగదు. నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేసే ఎంజైముకు తోడ్పడే ఒక సహాయక పదార్థాన్ని అది పాడుచేస్తుంది, దానితో ఆ ఎంజైమే నైట్రిక్ ఆక్సైడ్‌కు బదులు సూపర్‌ఆక్సైడ్‌ను తయారుచేయడం మొదలుపెడుతుంది. రక్షించవలసిన యంత్రాంగమే శత్రువు పక్షాన చేరే ఈ మలుపు వల్లనే, కొంతకాలం నెమ్మదిగా సాగిన నష్టం తరువాత తనను తానే పెంచుకుంటూ పోతుంది. దీనికి తోడు చక్కెర ప్రోటీన్లకు శాశ్వతంగా అతుక్కుని నాళం గోడను బిరుసెక్కిస్తుంది, ప్రోటీన్ కైనేజ్ సి అనే ఎంజైము అతిగా చురుకై నాళాన్ని బిగుసుకునే వైపు నెడుతుంది.

ఇది షుగర్ వల్లనే జరుగుతోందా, షుగర్‌తో పాటు శరీరంలో మారే మరేదైనా కారణమా అనే సందేహం మీకు రావచ్చు. పరిశోధకులకూ వచ్చింది. వారు మధుమేహం లేని కుందేలు ధమని ముక్కను తీసుకుని, డెసిలీటరుకు సుమారు 800 మి.గ్రా.తో సమానమైన గ్లూకోజు ద్రావణంలో 6 గంటలు ఉంచారు. అంత తక్కువ సమయంలోనే ఎసిటైల్‌కోలిన్‌కు దాని స్పందన తగ్గింది. అదే చిక్కదనంతో మానిటాల్ అనే మరో చక్కెర పదార్థం వాడితే ఆ నష్టం కలగలేదు. అంటే ద్రావణం చిక్కబడడం కారణం కాదు, గ్లూకోజే కారణం. మీ షుగర్ మామూలుగా 800కు చేరదు, కాని గంటల్లో కలిగే మార్పు ఇదైతే, ఏళ్ళ తరబడి 250, 300 మధ్య తిరిగే షుగర్ ఏం చేయగలదో ఊహించవచ్చు.

సన్నని నాళాల కథ కొంత వేరు. బృహద్ధమనిలో నైట్రిక్ ఆక్సైడ్‌దే ప్రధాన పాత్ర. పేగులకు వెళ్ళే చిన్న ధమనుల వంటి చోట్ల మాత్రం లోపలి పొర విద్యుత్ సంకేతం లాంటి మరో మార్గంలో కూడా కండరాన్ని వదులు చేస్తుంది. మధుమేహమున్న ఎలుకల్లో ఆ మార్గం కూడా బలహీనపడినట్టు తేలింది. కన్ను, మూత్రపిండం, నరాలకు రక్తమందించే సూక్ష్మనాళాలు చెడడానికి ఇలాంటి మార్పులు తోడ్పడతాయి. అందుకే పిక్క నొప్పి కోసం వచ్చిన వ్యక్తికి కళ్ళు, మూత్రం కూడా పరీక్షించమని వైద్యులు చెబుతారు.

ఇక మొదటి ప్రశ్న. ఎలుకకు జరిగేది మీకూ జరుగుతుందా? లోపలి పొర విషయంలో జరుగుతుంది. మనుషుల ముంజేతి రక్తప్రవాహాన్ని కొలిచే పరీక్షల్లో మధుమేహమున్నవారి నాళాలు తక్కువగా విప్పారుతాయని 1990ల నుంచీ పదేపదే తేలింది. అయితే స్ట్రెప్టోజోటోసిన్ ఎలుక మీకు సరైన జోడి కాదు. దానిలో ఇన్సులిన్ దాదాపు లేకుండా పోతుంది, అది టైప్ 1 మధుమేహానికి దగ్గర. నడివయసులో మొదలై ఏళ్ళ తరబడి గోలీలతో నడుస్తున్న మీది టైప్ 2 కావచ్చు. అందులో ఇన్సులిన్ ఉంటుంది, శరీరం దాని మాట సరిగా వినదు. ఈ రకానికి వేరే జంతువులున్నాయి. స్థూలకాయపు జుకర్ ఎలుకలో ఇన్సులిన్ రక్తనాళానికి పంపే రెండు సంకేతాల్లో నాళాన్ని విప్పార్చేది మొద్దుబారుతుంది, గోడను మందంగా చేసేది మాత్రం అలాగే కొనసాగుతుంది. లావుగా లేకుండానే మధుమేహం వచ్చే గోటో-కకిజాకి ఎలుకను జపాన్‌లో 1970లలో మామూలు ఎలుకల నుంచి తరతరాలుగా ఎంపిక చేసి రూపొందించారు. సన్నగా ఉండి, ఎండలో పని చేసే మన రైతుకు షుగర్ ఎట్లా వస్తుందని అడిగేవారికి ఈ ఎలుక చెప్పే సంగతులు ఎక్కువ. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా తన సొంత ఎలుకల సంతతిలో సహజంగా స్థూలకాయం వచ్చే రకాలను గుర్తించి పెంచుతోంది. మన ప్రాంతపు పరిశోధక విద్యార్థులు అంత దగ్గరలో ఉన్న ఈ వనరు గురించి ఎక్కువగా తెలుసుకోవాలని నా కోరిక.

ఎలుకకూ మీకూ పోలిక తెగిపోయే చోట్లు కూడా ఉన్నాయి. ఎలుక రక్తంలో కొలెస్ట్రాల్ ఎక్కువగా మంచి రకం రూపంలో తిరుగుతుంది. అందువల్ల ఎంత షుగర్ ఉన్నా దాని ధమనుల్లో మనిషికి వచ్చినట్టు కొవ్వు గడ్డలు సులభంగా ఏర్పడవు. వాటిని అధ్యయనం చేయాలంటే జన్యువు మార్చిన చిట్టెలుకలనో, కొవ్వు తిండి పెట్టిన పందులనో వాడవలసి వస్తుంది. మీ పిక్క నొప్పికి లోపలి పొర మొద్దుబారడంతో పాటు కొవ్వు గడ్డ కూడా కారణమై ఉండవచ్చు, ఆ రెండవ భాగం గురించి మామూలు ఎలుక పెద్దగా ఏమీ చెప్పదు. ప్రయోగశాల ఎలుక వయసులో చిన్నది. దానికి బీడీ అలవాటు లేదు, ముప్పై ఏళ్ళ బీపీ లేదు. పుండు మానే తీరు కూడా వేరు. చిట్టెలుక చర్మం కింద ఒక పలుచని కండరం ఉండి, గాయం అంచులను లోపలికి లాగి మూసేస్తుంది. మన పాదం మీద పుండు అడుగు నుంచి కొత్త కండ పెరుగుతూ మానాలి, దానికి రక్తం కావాలి. అందుకని ఎలుకలో వారం పది రోజుల్లో పుండు మానిన మందు మనిషి పాదం మీద కూడా అంతే వేగంగా పని చేస్తుందని చెప్పడం సాహసం.

చెడిన నాళం బాగవుతుందా అన్న రెండవ ప్రశ్నకు నా జవాబు, ఎంత త్వరగా పట్టుకున్నామన్నదాని మీద ఆధారపడుతుందని. స్ట్రెప్టోజోటోసిన్ ఎలుకల్లో కొన్ని ప్రయోగాలు మొదటి రోజుల్లో నాళం స్పందన మామూలుగా, కొన్నిసార్లు మామూలు కన్నా ఎక్కువగా ఉండి, వారాలు గడిచేకొద్దీ తగ్గుతూ రావడం గమనించాయి. తొలి దశలో ఇన్సులిన్ ఇచ్చి షుగర్ అదుపు చేస్తే నాళం చాలా వరకు కోలుకుంటుంది. ఆలస్యమైతే ఏమవుతుందన్నదానికి నాకు అన్నిటికన్నా ముఖ్యమని తోచే ప్రయోగం కుక్కల మీద జరిగింది, 1987లో వెలువడింది. మధుమేహమున్న కుక్కల్లో ఒక గుంపును ఐదేళ్ళూ మంచి అదుపులో ఉంచారు, ఒక గుంపును ఐదేళ్ళూ అదుపు లేకుండా వదిలారు, మూడవ గుంపును మొదటి రెండున్నరేళ్ళు వదిలేసి తరువాతి రెండున్నరేళ్ళు చక్కగా అదుపు చేశారు. రెండున్నరేళ్ళకు ఆ మూడవ గుంపు కళ్ళలో జబ్బు దాదాపు కనిపించలేదు. అయినా అదుపు మొదలైన తరువాత కూడా అది పెరుగుతూ పోయి, ఐదేళ్ళు నిండేసరికి స్పష్టంగా బయటపడింది. తొలి ఏళ్ళ అధిక షుగర్‌ను నాళాలు తమలో నిలుపుకున్నాయన్నమాట.

మనుషుల్లో కూడా ఇది నిజమని తరువాత తేలింది. టైప్ 1 రోగుల మీద అమెరికా, కెనడాలలో జరిగి 1993లో వెలువడిన పెద్ద అధ్యయనంలో మొదట్లో గట్టిగా అదుపు చేసుకున్నవారికి, ఆ తరువాత ఇరు వర్గాల షుగర్ సమానమైపోయినా, ఏళ్ళ తరబడి ప్రయోజనం కొనసాగింది. బ్రిటన్‌లో కొత్తగా టైప్ 2 బయటపడినవారి మీద జరిగి 1998లో ముగిసిన అధ్యయనం తాలూకు పదేళ్ళ తరువాతి పరిశీలన 2008లో ఇదే చెప్పింది. ఇది చదివి మీ పదకొండేళ్ళు వృథా అయ్యాయని కుంగిపోవద్దు. డెన్మార్క్‌లో ఏళ్ళుగా టైప్ 2 ఉండి, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పోవడం మొదలైన 160 మందిలో ఒక వర్గానికి షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, తిండి, పొగ అన్నింటినీ ఒకేసారి పట్టించుకుని చికిత్స చేస్తే, దాదాపు ఎనిమిదేళ్ళలో గుండె, రక్తనాళాల ప్రమాదాలు సుమారు సగానికి తగ్గాయి. ఒక్క షుగర్‌ను మాత్రమే తరుముతూ కూర్చోవద్దని నేను చెప్పడానికి కారణం ఇదే. ఆ తరుమడంలో అతి కూడా ప్రమాదమే. చాలాకాలంగా షుగర్ ఉన్న పెద్ద వయసువారిలో దాన్ని మరీ తక్కువకు దించాలని చూసిన ఒక అమెరికా అధ్యయనంలో మరణాలు పెరిగినందున 2008లో ఆ విభాగాన్ని ఆపివేశారు. ఆ హెచ్చరిక మనుషుల మీద జరిగిన పరీక్షలోనే దొరికింది.

ఎలుకల్లో గెలిచి మనిషిలో ఓడిన మందుల సంగతి తెలిస్తే పొడి గురించి మీరే నిర్ణయించుకోగలరు. సూపర్‌ఆక్సైడ్ శత్రువని తెలిసిన తరువాత దాన్ని అణచే విటమిన్లు ఇస్తే నాళాలు బాగుపడాలి కదా. ఎలుకల్లో అనేకసార్లు బాగుపడ్డాయి కూడా. కాని గుండె జబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న తొమ్మిది వేలకు పైగా మనుషులకు, అందులో మధుమేహమున్నవారు చాలామంది, ఏళ్ళ తరబడి విటమిన్ ఇ ఇచ్చి చూసిన అధ్యయనం 2000లో వెలువడినప్పుడు ప్రయోజనం ఏమీ కనిపించలేదు. చక్కెర ప్రోటీన్లకు అతుక్కోకుండా చేసే అమినోగ్వానిడిన్ 1986లో ఎలుకల ధమనుల్లో చక్కగా పని చేసింది, మనుషులకు మందుగా మాత్రం రాలేకపోయింది. ప్రోటీన్ కైనేజ్ సిని అడ్డుకునే రుబాక్సిస్టౌరిన్ గతి కూడా అదే. అన్నీ ఓడిపోలేదు. విటమిన్ ఇ విఫలమైన ఆ అధ్యయనంలోనే రామిప్రిల్ అనే బీపీ మందు గుండెపోటును, పక్షవాతాన్ని, మరణాలను తగ్గించింది. ఇన్సులిన్ కూడా 1921లో టొరాంటోలో కుక్కల మీద నిలబడి, 1922 జనవరిలో పద్నాలుగేళ్ళ పిల్లవాడికి అందిన మందే. జంతువు తలుపు తెరుస్తుంది, ఆ తలుపు దాటిన ప్రతి మందునూ మనుషుల్లో మళ్ళీ పరీక్షించి తీరాలి.

మీ ఊరి పొడి మనుషుల మీద జరగవలసిన ఆ పరీక్షకు వెళ్ళిందా అని అమ్మే ఆయనను అడగండి. మొక్కల్లో ఔషధ గుణం లేదని నేను అనడం లేదు. పొడపత్రి, నేరేడు గింజల సారాలు స్ట్రెప్టోజోటోసిన్ ఎలుకల్లో షుగర్ తగ్గించినట్టు ఎన్నో పత్రాలు వచ్చాయి. వాటిని చదివేటప్పుడు కొన్ని చూసుకోవాలి. సారాన్ని స్ట్రెప్టోజోటోసిన్ కన్నా ముందే ఇచ్చారా? అలాగైతే అది ఆ విషాన్ని అడ్డుకుని ఉండవచ్చు, మధుమేహాన్ని తగ్గించి ఉండకపోవచ్చు. మోతాదు తక్కువైన ఎలుకల్లో బీటా కణాలు కొంత తిరిగి కోలుకుని షుగర్ తనంతట తాను తగ్గుతుంది, దాన్ని సారం ఖాతాలో వేశారా? మోతాదు మరో చిక్కు. ఎలుకకు కిలోకు 400 మి.గ్రా. సారం ఇచ్చారంటే, శరీర పరిమాణాన్ని బట్టి మనిషికి లెక్కగట్టే పద్ధతిలో దాన్ని సుమారు ఆరుతో భాగించాలి. 60 కిలోల మనిషికి రోజుకు దాదాపు నాలుగు గ్రాముల సారమవుతుంది. అది ఎండబెట్టి దంచిన పొడి కాదు, ఎంతో ఆకు నుంచి తీసిన చిక్కని సారం. స్పూను పొడికీ ఆ ప్రయోగానికీ పోలిక చెప్పడం కష్టం. పైగా షుగర్ తగ్గడం ఒకటి, రక్తనాళం బాగుపడడం మరొకటి. ఆయన అమ్మే పొడి ఉంగరం పరీక్షలో ఎట్లా నిలిచిందో ఎవరూ చెప్పలేరు.

ఇందులో ప్రాణాపాయం కూడా ఉంది. మీరు గ్లిమెపిరైడ్ వాడుతున్నారు. దానిపై నిజంగా షుగర్ తగ్గించే పొడి ఏదైనా తోడైతే, భోజనం ఆలస్యమైన రోజు పొలంలోనే షుగర్ పడిపోయి స్పృహ తప్పవచ్చు. మూలికల పొడుల్లో గ్లిబెన్‌క్లమైడ్ వంటి షుగర్ తగ్గించే అల్లోపతి మందును రహస్యంగా కలిపి అమ్మిన ఉదంతాలు అనేక దేశాల్లో పట్టుబడ్డాయి. ‘వెంటనే పని చేసింది’ అని జనం మెచ్చుకునే పొడిని నేను మరింత అనుమానిస్తాను. గోలీలు మాని పొడి మీద ఆధారపడితే, షుగర్ పెరిగిన ఆ నెలలన్నీ పైన చెప్పిన కుక్కల్లో మాదిరిగా నాళాల్లో నిలిచిపోతాయి. కాబట్టి వాడవద్దని నా స్పష్టమైన సలహా. వాడి తీరాలనిపిస్తే గోలీలు మానకుండా, డాక్టరు గారికి ఆ పొడి చూపించి, చెప్పి వాడండి, దాచవద్దు.

మీ పిక్క నొప్పి గురించి మీరు నేరుగా అడగకపోయినా, ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది అదే. కొంత దూరం నడిచేసరికి పట్టేయడం, నిలబడితే నిమిషాల్లో తగ్గడం, మళ్ళీ అంతే దూరానికి రావడం కాలి ధమని ఇరుకైందని చెప్పే గుర్తు. మర్రిగూడ, మునుగోడు, దేవరకొండ ప్రాంతాల్లో తరాలుగా ఫ్లోరైడ్ నీటితో బాధపడినవారు కాళ్ళ నొప్పి ఏదైనా ఫ్లోరైడ్ ఖాతాలో వేసి ఊరుకోవడం సహజం. ఫ్లోరైడ్ నొప్పులు ఎక్కువగా వెన్ను, మోకాళ్ళ వంటి కీళ్ళలో ఉండి, బిగుసుకుపోయినట్టుంటాయి. నరాల దెబ్బ వల్ల వచ్చేది పాదాల్లో మంట, తిమ్మిరిగా ఉండి రాత్రి కూర్చున్నా పడుకున్నా బాధిస్తుంది. మీది ఈ రెండింటిలా కనిపించడం లేదు. చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో పోల్చే పరీక్ష చేయించండి. ఆ నిష్పత్తి 0.9 కన్నా తక్కువైతే ధమని ఇరుకైనట్టే. ఏళ్ళ షుగర్‌తో గోడలు బిరుసెక్కినవారిలో అది 1.4 దాటి తప్పుదారి పట్టించవచ్చు, అప్పుడు రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ స్కాన్ అవసరమవుతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలల జనరల్ ఆసుపత్రులున్నాయి, మొదట అక్కడ అడగండి. దానితో పాటు మూడు నెలల సగటు షుగర్, కొలెస్ట్రాల్, మూత్రంలో అల్బుమిన్, కంటి రెటీనా పరీక్షలు చేయించుకుని, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, రక్తం పలుచబరిచే గోలీ మీకు అవసరమా అని డాక్టరు గారిని అడగండి. బీడీ, చుట్ట అలవాటుంటే ఈ రోజే మానండి. కాలిని కాపాడుకోవడానికి దాన్ని మించిన మందు లేదు.

పరీక్షలయ్యాక, పాదాల మీద పుండ్లు లేవని తేలాక, నడకే మీకు చికిత్స. నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, తగ్గాక మళ్ళీ నడవాలి. ఇలా రోజుకు అరగంట నుంచి ముప్పావు గంట, వారంలో కనీసం మూడు రోజులు, మూడు నెలలు చేస్తే నొప్పి లేకుండా నడిచే దూరం చాలామందిలో పెరుగుతుంది. రక్తప్రవాహం వేగం పెరిగినప్పుడు లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ తయారీని పెంచుకుంటుందని కుక్కల మీద, ఎలుకల మీద జరిగిన వ్యాయామ ప్రయోగాలు చూపించాయి. మధుమేహమున్న చిట్టెలుక తొడ ధమనిని కట్టేస్తే ప్రత్యామ్నాయ దారులుగా కొత్త నాళాలు మామూలు కన్నా నెమ్మదిగా పెరుగుతాయని మరికొన్ని జంతు ప్రయోగాలు చెప్పాయి. అందువల్ల ఫలితం రావడానికి మీకు మరికొంత ఓపిక కావాలి.

పత్తి చేలో, తుమ్మచెట్ల కింద చెప్పులు లేకుండా అడుగు పెట్టవద్దు. రాత్రి పాదాల అడుగు భాగం, వేళ్ళ సందులు అద్దంలో చూసుకోండి, లేదా మీ బిడ్డను చూడమనండి. తిమ్మిరి తగ్గుతుందని వేడినీళ్ళలో కాళ్ళు పెట్టవద్దు, కాలినా తెలియదు. కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు కూడా పిక్కలోనో పాదంలోనో నొప్పి మొదలైతే, వేలు నల్లబడినా, చల్లబడినా, పుండు రెండు మూడు రోజుల్లో మానే దారి పట్టకపోయినా, ఇచ్చిన తేదీ కోసం ఎదురుచూడకుండా అదే రోజు దవాఖానకు వెళ్ళండి.